రసాయన శాస్త్ర పరిశోధనా శాఖల తెలుగు పేర్లు: అర్థ పరిశీలన

కీలక పదాలు: పారిభాషిక పదాలు, రసాయన శాస్త్రం, కర్బన, సేంద్రియ, హరిత

1. ఉపోద్ఘాతం

విశ్వవిద్యాలయాల రసాయన శాస్త్ర విభాగాలలో పరిశోధన ప్రధానంగా కర్బన, అకర్బన, భౌతిక, విశ్లేషణాత్మక శాఖలుగా సాగుతున్నది. హరిత రసాయన శాస్త్రం వంటివి తరువాత చేరాయి. శాఖకు పెట్టిన పేరే దాని గురించి విద్యార్థికి అందే మొదటి నిర్వచనం. ఆ నిర్వచనం శాస్త్ర విషయానికి ఎంతవరకు అనుగుణంగా ఉన్నదో పరిశీలించవలసి ఉన్నది.

2. సేంద్రియం నుండి కర్బనానికి

కర్బన రసాయన శాస్త్రానికి 'సేంద్రియ రసాయన శాస్త్రం' అనే పేరు కూడా ఉన్నది. ఇంద్రియాలతో కూడినది సేంద్రియం. జీవుల నుండి లభించే పదార్థాలను ప్రయోగశాలలో తయారుచేయలేమన్న పాత విశ్వాసం ఛాయ ఈ పేరులో మిగిలింది. 1828లో వోలర్ అమ్మోనియం సయనేట్ నుండి యూరియాను తయారుచేయడంతో ఆ విశ్వాసం సడలింది. ఆంగ్లంలో పాత పేరే కొనసాగుతుండగా, తెలుగులోని 'కర్బన' శాఖ విషయాన్ని నేరుగా చెబుతుంది. పైగా 'సేంద్రియ వ్యవసాయం' వంటి వాడుకల వల్ల సేంద్రియమంటే రసాయనాలు వాడనిదనే అర్థం జనంలో స్థిరపడింది. అందువల్ల 'సేంద్రియ రసాయనం' అన్న మాట నేడు పరస్పర విరుద్ధంగా తోస్తుంది.

3. 'అకర్బన'లోని చిక్కు

సున్నపురాయిలోని కాల్షియం కార్బొనేట్‌లో కర్బనం ఉన్నది. 1890లో వెలుగులోకి వచ్చిన నికెల్ కార్బొనిల్‌లోనూ ఉన్నది. అయినా రెండూ అకర్బన శాఖ పాఠాలే. పేరునే నిర్వచనంగా గ్రహించిన విద్యార్థి ఇక్కడ తడబడతాడు. 'నిరింద్రియ' అన్న పాత పదానికి ఈ చిక్కు లేకపోయినా, సేంద్రియానికి ఉన్న దోషం దానికీ ఉన్నది.

4. హరితం: పదానువాద పరిమితి

'హరిత' పదం పచ్చదనాన్ని, మొక్కలను స్ఫురింపజేస్తుంది. 1998లో అనస్తాస్, వార్నర్ ప్రతిపాదించిన 12 సూత్రాలలో మొదటిది మాత్రం వ్యర్థాలు పుట్టిన తరువాత శుద్ధి చేయడం కంటే అసలు పుట్టకుండా చూడడం మేలంటుంది. ఐబూప్రొఫెన్ తయారీని ఆరు దశల నుండి మూడింటికి తగ్గించి వ్యర్థాలను తగ్గించడం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. ఆ మార్పులో మొక్కల ప్రసక్తి లేదు.

5. ముగింపు

ఆంగ్ల పదాన్ని కాక విషయాన్ని చూసి ఏర్పరచినందువల్లనే 'కర్బన' సార్థకమైంది. 'అకర్బన'ను ఇప్పుడు మార్చడం కష్టం; దాని మినహాయింపులను పాఠ్యపుస్తకం తొలి పుటలోనే చెప్పడం సాధ్యం. కొత్త శాఖల పేర్లను తెలుగు, రసాయన శాస్త్ర అధ్యాపకులు కలిసి నిర్ణయించాలి. లేనిపక్షంలో తెలుగు మాధ్యమ విద్యార్థి పరిశోధనకు వచ్చేనాటికి, నేర్చుకున్న పేర్ల అర్థాలను ముందుగా మరచిపోవలసి వస్తుంది.