అరవయ్యో రోజు దాటాక

సెషన్స్ కోర్టు శిక్ష వేస్తే హైకోర్టులో అప్పీలుకు గడువు 60 రోజులు. మరణశిక్షకైతే 30 రోజులే. 1963 నాటి లిమిటేషన్ చట్టం చెప్పే లెక్క ఇది. తీర్పు నకలు తయారవడానికి పట్టిన రోజుల్ని ఇందులోంచి మినహాయిస్తారు. చదివితే చాలినంత సమయమే అనిపిస్తుంది. క్రిమినల్ అప్పీళ్లు రాసే మాకు మాత్రం ఆ రెండు నెలలు ఎవరెవరి చేతుల్లో ఖర్చయిపోతాయో బాగా తెలుసు.

తీర్పు రోజున ఇంటివాళ్లు కోర్టు వరండాలో ఏడుస్తుంటారు. ఫలానా తేదీలోగా అప్పీలు వేయాలని వాళ్లకు చెప్పేవాళ్లుండరు. జిల్లాలో వాదించిన వకీలు హైకోర్టులో చూసుకోమంటాడు. అక్కడి ఫీజుకు డబ్బు కావాలి. పంట చేతికొచ్చేదాకా ఆగుతారు, లేదంటే ఉన్న ఎకరం బేరం పెడతారు. ఈలోగా కేసు కట్ట పాత వకీలు బీరువాలోనే ఉంటుంది. బాకీ తీరిస్తేనే ఇస్తానంటాడు. ఫీజు బాకీ ఉందని కక్షిదారు కాగితాలు పట్టి ఉంచే హక్కు వకీలుకు లేదని ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. ఆ సంగతి ఖైదీ భార్యకు ఎవరు చెప్పాలి?

గడువు దాటితే ముందు లిమిటేషన్ చట్టం అయిదో సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేయాలి. అది తేలేదాకా అప్పీలుకు నంబరు పడదు. నంబరు పడనిదే శిక్ష నిలిపివేసి బెయిలివ్వమనే పిటిషన్ బెంచి మీదికి రాదు. ప్రాసిక్యూటరుకు నోటీసు, కౌంటరుకు వాయిదా, మళ్లీ వాయిదా... లోపలున్న మనిషి ఈలోగా శిక్ష అనుభవిస్తూనే ఉంటాడు. రేపు నిర్దోషి అని తేలినా ఆ నెలలు తిరిగిరావు. సివిల్ దావాలో ఆలస్యానికి ఖర్చులు వేసి సరిపెట్టవచ్చు. ఇక్కడ పోయేదానికి ఏ ఖర్చులూ సరిపోవు.

అందుకే ఆ పిటిషన్‌తో పెట్టే అఫిడవిట్‌ను అప్పీలు ఆధారాలంత శ్రద్ధగా రాయాలంటాను. మన కోర్టుల్లో దానికో పాత మూస ఉంది. కక్షిదారుకు పచ్చకామెర్లు వచ్చాయని, నాటు మందు వాడుతూ మంచాన ఉన్నాడని రాసేస్తారు. జైల్లో ఉన్న మనిషి గురించి కూడా ఆ మూసలోనే రాసిన కాగితాలు చూస్తే నాకు బాధేస్తుంది. అతను చెప్పుకోగల నిజమే అంతకంటే బలమైనది. ఆ నిజం దొరికేది తేదీల్లో. సర్టిఫైడ్ కాపీ వెనక ముద్రలో అన్నీ ఉంటాయి: దరఖాస్తు ఎప్పుడు పెట్టారు, చార్జీలు ఎప్పుడు కట్టమన్నారు, ఎప్పుడు కట్టారు, కాపీ ఎప్పుడు సిద్ధమైంది, ఎప్పుడు ఇచ్చారు. వకాలతు మీద జైలు అధికారి సంతకం చేసిన రోజుంటుంది. ఇంటివాళ్లు ములాఖత్‌కు వెళ్లిన రోజులుంటాయి. వీటిని వరసగా పేర్చితే గడువు ఎక్కడ పోయిందో జడ్జికి కళ్లకు కడుతుంది. ప్రతి రోజుకూ సంజాయిషీ ఉండాలన్న సూత్రాన్ని మొండిగా పట్టుకోవద్దని 1987లో కాతిజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రతి గంటకూ, ప్రతి సెకనుకూ ఎందుకు అడగరని కూడా ప్రశ్నించింది. ఆ తీర్పు ఉంది కదా అని బద్ధకంగా రాయడం మాత్రం న్యాయం కాదు.

ఇదే వృత్తిలోకి వచ్చే పిల్లలకు నేను ముందు చదవమనేది 1978 నాటి హోస్కాట్ తీర్పు. కర్ణాటక్ యూనివర్సిటీ పేరిట దొంగ డిగ్రీలు తయారుచేయబోయాడన్న కేసులో హైకోర్టు హోస్కాట్‌కు మూడేళ్ల శిక్ష వేసింది. సుప్రీంకోర్టుకు వచ్చేసరికి నాలుగేళ్లకు పైగా ఆలస్యమైంది. తీర్పు నకలు తనకు అందనేలేదన్నాడు. ఇచ్చామన్నారు జైలువాళ్లు, కానీ అందినట్టు అతని సంతకం ఎక్కడా లేదు. అతని పిటిషన్‌ను చివరికి కొట్టేశారు. అయినా జస్టిస్ కృష్ణయ్యర్ ఆ సంతకం లేకపోవడాన్ని వదిలిపెట్టలేదు. నకలు ఉచితంగా, వెంటనే ఖైదీ చేతికివ్వాలని, అందినట్టు రాయించుకోవాలని, అప్పీలుకు స్తోమత లేకపోతే వకీలును సర్కారే ఇవ్వాలని రాజ్యాంగం 21వ అధికరణం కిందే చెప్పారు. ఓడిపోయిన మనిషి కేసులోంచి వచ్చిన ఈ మాటలతోనే ఇవాళ్టికీ మేము జైలు అప్పీళ్లు వాదిస్తున్నాం.

నిర్దోషిగా విడుదలైన వాళ్ల మీద ప్రభుత్వం ఆలస్యంగా వేసే అప్పీళ్ల సంగతి వేరు. జీతాలిచ్చి పెట్టుకున్న ప్లీడర్లు ఉండి కూడా ఫైలు కదలలేదంటే గట్టిగా అడగాల్సిందే.

అప్పీలు వేసుకోని ఖైదీలతో ఎప్పటికప్పుడు మాట్లాడి, ఉచిత న్యాయ సహాయం ఉందని చెప్పాలని 2024 అక్టోబరులో సుహాస్ చక్మా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మంచిదే. అయితే ఆ మాట మొదటి వారంలోనే చేరాలి. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 404వ సెక్షన్ ప్రకారం జైలుశిక్ష పడిన వాడికి తీర్పు నకలు వెంటనే ఉచితంగా ఇవ్వాలి. కోరితే, వీలైతే, అతని భాషలోకి అనువదించి కూడా ఇవ్వాలి. మన జిల్లాల్లో ఇంగ్లీషు తీర్పు పట్టుకుని లోపలికి వెళ్లే వాళ్లెందరో ఆ హక్కు సంగతే వినలేదు. ఆ నకలు పైన తెలుగులో రెండు వాక్యాలు అచ్చువేయడం పెద్ద పనేం కాదు: అప్పీలుకు ఆఖరు తేదీ ఇది, వకీలు లేకపోతే జైలు సూపరింటెండెంటుకు కాగితం ఇచ్చినా చాలు. సూపరింటెండెంటు ఆ కాగితం అందుకున్న తేదీ వేసి ఖైదీకి రశీదు ఇవ్వాలి.