చేతుల మీద కండువా

మా ఇంట్లో పియానో పక్కన కొక్కేనికి ఒక పాత కండువా వేలాడుతూ ఉంటుంది. దుమ్ము దులపడానికేమో అనుకుంటారు వచ్చినవాళ్లు. అది పిల్లల చేతుల మీద కప్పడానికి. తొమ్మిదేళ్ల పాప ఒకతె మొదటిసారి కప్పినప్పుడు బిక్కమొహం వేసి, "చేతులు కనపడకపోతే ఎలా వాయించాలి మిస్?" అంది. ఎదురుగా స్టాండు మీద పుస్తకం తెరిచే ఉంది. ఏడాదిగా ఆ పుస్తకాన్ని తెరుస్తోందే గానీ చదవడం లేదని ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోయింది.

పిల్ల మొద్దయితే ఇంత చిక్కుండేది కాదు. మూడేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు మూడు కాలాల్లోనూ గడగడా పాడుతుంది. నేను ఒకసారి వాయిస్తే వింటుంది, రెండోసారికి వేళ్లు వెతుక్కుంటుంది, మూడోసారికి పాట కంఠతా వచ్చేస్తుంది. ఇక పుస్తకంతో పనేముంది? మన సంగీతం గురువు గొంతులోంచి శిష్యుడి చెవిలోకి వచ్చింది. నోటుబుక్కులో స్వరం రాసుకునేది మరిచిపోతే చూసుకోవడానికే. పాశ్చాత్య సంగీతంలో కాగితం మీద ఉన్నదే పాఠం. ఎంతసేపు పట్టాలి, ఎక్కడ మెత్తగా, ఎక్కడ గట్టిగా అన్నది స్వరకర్త రాసిపెట్టి పోయాడు. ఎన్నడూ వినని రచనని ఆ కాగితం చూసి అప్పటికప్పుడు వాయించడాన్నే సైట్ రీడింగ్ అంటారు. జ్ఞాపకశక్తి గల పిల్లలకే ఇది ఆలస్యంగా అబ్బుతుందని ఇన్నేళ్లలో నాకు అర్థమైంది. వాళ్లకి దాని అవసరం పడదు, పడేదాకా.

పడేది పరీక్షలో. 1889లో పుట్టిన బ్రిటన్ సంస్థ ఏబీఆర్‌ఎస్‌ఎం పెట్టే ప్రాక్టికల్ గ్రేడ్ పరీక్షలు మన ఊళ్ల పిల్లలు చాలామందే రాస్తారు. మొత్తం 150 మార్కుల్లో 100 వస్తే పాసు. సైట్ రీడింగ్‌కి 21. తల్లిదండ్రుల లెక్క సులువుగా ఉంటుంది: ఆ 21 కొంత పోయినా మూడు పాటలూ బాగా రుద్దితే గట్టెక్కొచ్చు. 2020 నుంచి వీడియో తీసి పంపే పర్ఫార్మెన్స్ గ్రేడ్లు కూడా వచ్చాయి. వాటిలో సైట్ రీడింగ్ లేదు. "అదే రాయిద్దాం మేడమ్" అంటారు. కాదనను. కానీ ఏడాదికి మూడు నాలుగు పాటల చొప్పున అయిదో గ్రేడు దాకా ఎక్కిన పిల్ల, పక్కింటివాళ్లు ఒక కొత్త పుస్తకం చేతికిస్తే మొదటి పేజీ కూడా వాయించలేక దిక్కులు చూస్తుంది. ఆ చదువు ఏ పాటి చదువు?

నేనైతే రోజూ పాఠంలో మొదటి పది నిమిషాలు దీనికే కేటాయిస్తాను. ఇంట్లోనూ అంతే. వారానికోసారి గంటసేపు కూర్చుంటే లాభం లేదు. పాట కొత్తదై ఉండాలి, పిల్లవాడి స్థాయికి ఒకటి రెండు గ్రేడ్లు కిందదై ఉండాలి. రెండోసారి వాయించాక అది చదవడం కాదు, గుర్తు తెచ్చుకోవడం. కాబట్టి పేజీ తిప్పేయాలి. రోజూ కొత్తవి ఎక్కడ దొరుకుతాయంటే, అదొక తంటా. పాత పరీక్షల పుస్తకాలు కొంటాను, చర్చిల్లో పాడే కీర్తనల పుస్తకాలు తెస్తాను. కీర్తనల్లో నాలుగు గొంతుల వరసలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పెద్ద పిల్లలకి వాటిని మించిన మేత లేదు.

పరీక్షలో వాయించే ముందు అర నిమిషం ఇస్తారు. చాలామంది ఆ అర నిమిషంలో మొదటి స్వరం ఏదో వెతుక్కుని, వేలు దాని మీద పెట్టి కూర్చుంటారు. నేను ముందు చివరిదాకా చూడమంటాను. ఏ గుర్తులున్నాయి, ఏ నల్ల మెట్లు వస్తాయి, చిక్కుగా కనిపించే గడి ఏది? ఆ గడిని ఎంత నిదానంగా వాయించగలవో, అదే మొత్తానికి వేగం. మొదటి వరస తేలిగ్గా ఉందని దౌడు తీసినవాళ్లంతా మూడో వరసలో బోర్లా పడతారు.

స్వరాల పేర్లు ఒక్కొక్కటీ గుర్తుపట్టి వాయించడం అక్షరాలు కూడబలుక్కుని చదవడం లాంటిది. తెలుగు చదివేటప్పుడు 'పు', 'స్త', 'కం' అని విడదీసుకుంటామా? చూపు మాట మొత్తాన్నీ పట్టుకుంటుంది. ఇక్కడా అంతే. గీత మీది చుక్క నుంచి పక్క ఖాళీలోకి వెళ్తే పక్క మెట్టు. గీత నుంచి గీతకి వెళ్తే ఒక మెట్టు దాటాలి. దాటు స్వరాలు పాడిన పిల్లలకి ఇది చెప్పగానే ఎక్కుతుంది. ఆ ఎక్కిదిగే ఆకారాన్ని కన్ను చూస్తుండగా, కండువా కింద చెయ్యి రెండేసి, మూడేసి గుంపులుగా ఉన్న నల్ల మెట్లని తడుముకుంటూ తన చోటు తనే తెలుసుకుంటుంది. వారం రోజులు చిరాకు పడతారు. ఆ తర్వాత చూపు కిందికి దిగడం మానేస్తుంది.

అయితే వీటన్నిటికన్నా లయ పెద్దది. తప్పు స్వరం పడితే పిల్లలు చటుక్కున ఆగి, వెనక్కొచ్చి, సరిచేసుకుని మళ్లీ మొదలుపెడతారు. వాళ్ల దృష్టిలో అది నిజాయితీ. ఇంకొకరితో కలిసి వాయిస్తే గానీ దాని సంగతి తెలియదు. అందుకే నేను పక్కన కూర్చుని ఎడమ చేతి భాగం అందుకుంటాను, ఆగను. వాళ్లు ఆగితే బండి వెళ్లిపోతుంది, పరుగెత్తి ఎక్కాల్సిందే. రెండు స్వరాలు వదిలేసి మూడోదాని దగ్గర నాతో కలిసినవాడికి శభాష్ అంటాను. అన్ని స్వరాలూ సరిగ్గా పడి లయ తప్పినవాడికి అనను.

లెక్క నోటితో పైకి చెప్పిస్తాను. 'ఒకటి రెండు మూడు' అంటే కుదరదు. ఒకదానికి మూడు అక్షరాలు, ఇంకోదానికి రెండు, వేగం పెరిగితే నాలుక మడతపడుతుంది. ఫ్రాన్స్‌లో 19వ శతాబ్దంలోనే లయకి అక్షరాలు కట్టారు. హంగరీలో కొడాయ్ సంగీత బోధనా పద్ధతి వాటిని మలుచుకుని 'తా', 'తితి' అని పిల్లల చేత చెప్పించింది. మనకి ఆ అప్పు అక్కర్లేదు. ఒక దెబ్బ పట్టే క్రాచెట్‌కి 'తా', అందులో సగముండే రెండు క్వేవర్లకి 'తక', పావు ఉండే నాలుగు సెమీక్వేవర్లకి 'తకధిమి', ఒక దెబ్బలో మూడు ఇమిడితే 'తకిట'. మెట్రొనోమ్ కూడా ఉంది, 1815లో మెల్జెల్ పేటెంటు తీసుకున్న నాటి నుంచి అది టక్కుటక్కుమంటూనే ఉంది, ఇప్పుడు ఫోనులోకి దూరింది. అది దెబ్బ చెబుతుంది గానీ, రెండు దెబ్బల మధ్య ఏం జరగాలో నోరే చెప్పాలి.

హంగరీ అంటే అక్కడి స్వరకర్త బార్తోక్ గుర్తొచ్చాడు. 1926 నుంచి 1939 దాకా ఆయన రాసిన పియానో పుస్తకం మిక్రోకాస్మోస్‌లో 153 రచనలు, ఆరు సంపుటాలు. మొదటి ఆరు రచనల్లో రెండు చేతులూ ఒకే వరస వాయిస్తాయి. పుస్తకం చివరికొచ్చేసరికి బల్గేరియన్ లయలో ఆరు నృత్యాలుంటాయి, వాటిని వాయించాలంటే పెద్దవాళ్లకే చెమటలు పడతాయి.

అందులో 149వ దాన్ని ఈమధ్య ఆ పాప ముందు పెట్టాను, తొడ మీద తట్టడానికి మాత్రమే. తాళం గుర్తు ఉండాల్సిన చోట రెండు, రెండు, మూడు అంకెలు కూడిక గుర్తులతో ఉన్నాయి, కింద ఎనిమిది. కాసేపు చూసింది. పెదవులు కదిలాయి. 'తక తక తకిట' అంటూ తట్టింది, మొదట నిదానంగా, తర్వాత ఇంకాస్త వేగంగా. మిశ్రచాపు తాళంలో మూడు ముందొచ్చి నాలుగు తర్వాత వస్తాయి, ఇక్కడ మూడు వెనక్కిపోయాయి. పాపకి అది తెలిసినట్టే ఉంది, రెండో వరసలో ఒకసారి 'తకిట' ముందుకి జారబోయి సర్దుకుంది, ఆగలేదు.

"ఇదివరకు ఎక్కడైనా విన్నావా?" అన్నాను.

"లేదు మిస్," అంది, పుస్తకంలోంచి తలెత్తకుండానే. "ఇక్కడ రాసుంది కదా!"