బ్రేకు మీద నమ్మకం

మిన్నెసోటాలో డ్రైవింగ్ పరీక్షకి జూలైలో వెళ్తే రోడ్డు వారగా పార్కింగ్ చేయిస్తారు, బండి వెనక్కి నడిపిస్తారు, స్టాప్ బోర్డు దగ్గర చక్రం పూర్తిగా ఆగిందా లేదా అని చూస్తారు. పాసైతే ఇచ్చే లైసెన్సు జనవరికి కూడా చెల్లుతుంది. స్వీడన్‌లోనూ నార్వేలోనూ జారుడు ట్రాక్ మీద శిక్షణ పూర్తిచేయందే లైసెన్సు చేతికి రాదు. ఇక్కడ ఆ చదువు ఎవరిది వాళ్ళే చదువుకోవాలి. కొందరు ఖాళీ పార్కింగ్ లాట్లలో చదువుతారు, కొందరు హైవే పక్క గుంటల్లో. అక్టోబరు చివర మొదలై ఏప్రిల్ దాకా స్నో పడగల రాష్ట్రం ఇది. 1991లో హాలోవీన్ రోజు మొదలైన తుపాను మినియాపొలిస్ మీద 28 అంగుళాలకు పైగా స్నో పోసి వెళ్ళిందని ఇక్కడి పాతకాపులు నిన్న జరిగినట్టు చెబుతారు.

హైదరాబాద్‌లో బండి నడపడమంటే మనుషులతో బేరం. హారన్‌తో అడుగుతాం, డిప్పర్‌తో బతిమాలతాం, బానెట్ కాస్త ముందుకు తోసి దారి సంపాదిస్తాం. అడ్డంగా ఆటో దూసుకొస్తే మెదడు కంటే ముందే పాదం బ్రేకు మీదికి పోవాలి. ఇంత హడావుడిలోనూ ఒక్క సంగతి గురించి మాత్రం ఎప్పుడూ ఆలోచించం: కింద రోడ్డు ఉంది, తొక్కితే బండి ఆగుతుంది. స్నోలో ఇదంతా తలకిందులు. చుట్టూ ఉన్న మనుషులు బుద్ధిగా వరసలో పోతుంటారు, హారన్ మోగదు, మాట తప్పేది నేల. అక్కడ ఏళ్ళ తరబడి సంపాదించిన విద్య, ఆ చటుక్కున పడే కాలు, ఇక్కడ ముందుగా వదిలించుకోవాల్సిన అలవాటు.

లెక్క చిన్నదే. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు, బ్రేకు పడ్డాక, పొడి తారురోడ్డు మీద సుమారు 15 మీటర్లలో ఆగుతుంది. టైర్ల కింద నలిగి గట్టిపడ్డ స్నో మీద 50 మీటర్లు కావాలి. ఐస్ మీద 100 దాకా పోతుంది. మనం చూసి కాలు కదిపేలోపు పోయే దూరం దీనికి అదనం. వేగం రెట్టింపైతే ఈ దూరం నాలుగు రెట్లు. ఇంజినీరింగ్ చదువుకున్నవాళ్ళం, ఘర్షణ గుణకం మీద లెక్కలు చేసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళం. అది అరికాలికి తెలియడం వేరే సంగతి.

నా అరికాలికి నేర్పింది ఆఫీసులో ఒక పెద్దాయన. ఆయన పెరిగింది డులూత్‌లో. సుపీరియర్ సరస్సు ఒడ్డున, వీధులన్నీ తిన్నగా నీళ్ళలోకి దిగుతున్నట్టుండే కొండ ఊరది. ఆదివారం పొద్దున్నే, దుకాణాలు తెరవకముందు, దీపస్తంభాలు పెద్దగా లేని ఒక పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్ళి, కావాలని జారించమన్నారు. నెమ్మదిగా పోతూ ఉన్నట్టుండి బ్రేకు గట్టిగా తొక్కాలి. తొక్కితే పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటుంది, బండంతా గరగరమంటుంది. కొత్తవాళ్ళు చాలామంది అక్కడే బెదిరి కాలు తీసేస్తారట. అది బండి పాడైన చప్పుడు కాదు, ఏబీఎస్. చక్రం బిగుసుకుపోకుండా బ్రేకుని సెకనుకి ఎన్నోసార్లు పట్టి వదులుతుంటుంది. బాష్ కంపెనీ 1978లో మెర్సిడెస్ ఎస్ క్లాస్ కార్లలోకి దాన్ని తెచ్చాకే అది క్రమంగా అందరికీ అందింది. అంతకుముందు పట్టడం, వదలడం డ్రైవరు పాదమే చూసుకోవాలి. పెద్దాయన యవ్వనమంతా అలాగే నడిపారు. ఏబీఎస్ మనకిచ్చేది బ్రేకు మీద కాలుండగానే బండిని తిప్పుకునే వీలు. తక్కువ దూరంలో ఆపుతానని అది మాటివ్వలేదు. లోతైన వదులు స్నోలో ఇంకాస్త దూరమే పోనిస్తుంది. బిగుసుకుపోయిన చక్రమైతే ముందు స్నోని గట్టులా పోగేసుకుని దానికే ఆనుకుని ఆగేది.

తర్వాత స్టీరింగ్. లాట్ చివర తిప్పితే బండి తిరగదు, ముక్కు సూటిగా పోతూనే ఉంటుంది. అప్పుడు ఇంకా తిప్పాలనిపిస్తుంది. తిప్పితే ముందు టైర్లు అడ్డంగా ఈడ్చుకుపోతాయి తప్ప తిరగవు. స్టీరింగ్ కొంచెం వెనక్కి తెచ్చి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, ముందు టైర్లకి పట్టు దొరికేదాకా ఓపిక పట్టాలి. ఆ అర సెకను ఓపిక పట్టడమే కష్టం. బండి వెనక భాగం జారినప్పుడైతే ఎటు పోవాలో అటు చూడాలి, చేతులు చూపు వెంట వస్తాయి. గుద్దేస్తామేమో అనుకున్న స్తంభాన్నే చూస్తూ కూర్చుంటే తిన్నగా దాని దగ్గరికే పోతాం.

టైరు నేలకు తగిలేది అరచేతి మేర. ఆ కాస్త రబ్బరుకి ఉన్న పట్టుని బ్రేకు, మలుపు, వేగం మూడూ పంచుకోవాలి. పొడి రోడ్డు మీద ముగ్గురికీ పంచినా ఇంకా మిగులుతుంది కనక ఈ పంపకం జరుగుతోందనే మనకి తెలియదు. స్నో మీద ఉన్నదే కొంచెం, కాబట్టి ఒకసారికి ఒకళ్ళకే ఇవ్వాలి. మలుపు రాకముందే, బండి తిన్నగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకోవాలి. బ్రేకు వదిలేసి తిరగాలి. తిరగడం పూర్తయ్యాకే మెల్లగా తొక్కాలి. ముందు బండికి మామూలుగా మూడు సెకన్ల దూరం చాలంటారు, ఇక్కడ ఆరు, ఎనిమిది సెకన్లు ఉంచాలి. అంత ఖాళీ హైదరాబాద్‌లో వదిలితే రెండు ఆటోలు, ఒక పాలవ్యాను అందులో సర్దుకునేవి.

ఇవన్నీ ఫోన్‌లో చెబితే మా మావయ్య ఏమీ ఆశ్చర్యపోలేదు. పల్నాడు రేగడిలో, వానాకాలం పత్తిచేల దారుల్లో ట్రాక్టర్ తోలిన మనిషి ఆయన. రాత్రి స్నో తోసే ప్లౌ బండి వీధి శుభ్రం చేసుకుంటూ పోతూ ఇంటి ముందు మోకాలెత్తు గట్టు పోసి పోతుంది. ఒక పొద్దున నా కారు దాంట్లో దిగబడి, చక్రాలు గిర్రున తిరుగుతుంటే ఆ చప్పుడు ఫోన్‌లో ఆయనకి వినబడింది.

“తొక్కమాక అమ్మాయ్. చక్రం ఊరికే తిరిగితే బండెక్కదు, గొయ్యి తవ్వుద్ది.”

“మరేం చెయ్యను మావయ్యా?”

“రెండో గేర్లో ఎయ్యి. కాస్త ముందుకి, కాస్త ఎనక్కి, ఊపి ఊపి తియ్యి. చక్రం కింద గరుగ్గా ఏదన్నా పొయ్యి. ఇసకుందా?”

ఇక్కడ ఆ పనికి చాలామంది డిక్కీలో పెట్టుకునేది, ఇళ్ళలో పిల్లులు మలవిసర్జన చేసే తొట్టెలో పోసే మట్టి. సంచులుగా అమ్ముతారు. పిల్లుల కోసం మట్టి కొంటారన్న సంగతి మింగుడుపడేదాకా మావయ్య కారు సంగతి మర్చిపోయాడు. కానీ ఆయన చెప్పింది అక్షరాలా నిజం. రెండో గేరులో చక్రానికి చేరే బలం తక్కువ, అందుకని అది జారకుండా పాకుతుంది. చాలా ఆటోమేటిక్ కార్లలో స్నో మోడ్ అనే బటన్ చేసే పని దాదాపు ఇదే. తేడా ఎక్కడంటే, రేగడి బురద బండిని పట్టుకుని వదలదు, స్నో పట్టుకోవాల్సిన చోట వదిలేస్తుంది. ట్రాక్టర్ బురదలో ఎప్పుడూ వంద మీద పోదు కూడా.

డబ్బు ఎక్కడ పెట్టాలన్న దగ్గర మాత్రం మనవాళ్ళతో నాకు పేచీ. చలి రాష్ట్రానికి బదిలీ అనగానే ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ కొనేస్తారు, టైర్ల దగ్గరికొచ్చేసరికి బండితో వచ్చినవి చాలంటారు. నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందితే బండి బాగా కదులుతుంది. ఆగడానికి అది చేసే సాయం లేదు, నాలుగు చక్రాలకీ బ్రేకులు అన్ని కార్లకూ ఉన్నాయి. బాగా కదిలే బండి నడిపేవాళ్ళకి తన మీద లేనిపోని నమ్మకం కలిగిస్తుంది, పెద్ద స్నో పడ్డ మర్నాడు హైవే పక్కన వాలిపోయి కనిపించేవాటిలో ఈ పెద్ద బండ్లకు కొదవుండదు. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కంటే తగ్గితే మామూలు టైరు రబ్బరు బిరుసెక్కుతుంది. వింటర్ టైరు రబ్బరు మెత్తగానే ఉండి, దాని మీదున్న సన్నని గాట్లతో స్నోని కరిచి పట్టుకుంటుంది. టైరు పక్కవైపు మూడు శిఖరాల కొండ, దాంట్లో మంచురేకు బొమ్మ ఉందా అని చూసి కొనాలి. కెనడాలో క్విబెక్ రాష్ట్రం డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వీటిని తప్పనిసరి చేసింది. మిన్నెసోటాలో అలాంటి చట్టం లేదు. ఖర్చంటారా, ఒక సెట్ తిరుగుతున్నన్నాళ్ళూ రెండో సెట్ గ్యారేజీలో అరక్కుండా ఉంటుంది.

కొత్తలో నన్ను బాగా తికమక పెట్టింది ఉష్ణోగ్రత. ఎంత చలైతే అంత జారుడు అనుకుంటాం. నిజానికి మైనస్ 20లో స్నో కాలికింద కిర్రుకిర్రుమంటుంది, టైరుకి కాస్తో కూస్తో పట్టు దొరుకుతుంది. భయపడాల్సింది సున్నా దగ్గర, ఐస్ మీద సన్నటి నీటిపొర ఉన్నప్పుడు. మధ్యాహ్నం కరిగిన నీళ్ళు సాయంత్రం ఆఫీసు వదిలేవేళకి మళ్ళీ గడ్డకడతాయి. అది తారు రంగులోనే కనబడే బ్లాక్ ఐస్. వంతెనల మీద ముందు పడుతుంది, కింద కూడా గాలే కాబట్టి. అలాగని గట్టి చలిని నమ్మేయకూడదు. రోడ్ల మీద చల్లే మామూలు ఉప్పు మైనస్ 9 దాటి చలి పెరిగితే దాదాపు చేతులెత్తేస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగిన కార్ల పొగలోని ఆవిరే రోడ్డు మీద గడ్డకట్టి పలచని ఐస్ అయిపోతుంది. ఇంతా చేసి ఆ ఉప్పు కారు అడుగుభాగాన్ని తినేస్తుంది. అందుకే ఎముకలు కొరికే చలిలోనూ కార్‌వాష్ ముందు క్యూ.

ప్లౌ బండ్లని ఓవర్‌టేక్ చెయ్యకపోవడం మంచిది, వాటి ముందు రోడ్డు మనం ఊహించినదానికంటే ఘోరంగా ఉంటుంది. రాష్ట్ర రవాణా శాఖ వీటికి పేర్లు పెట్టమని జనానికి పోటీ పెడుతుంది. 2021లో గెలిచినవాటిలో ఒకటి డార్త్ బ్లేడర్. డార్త్ బ్లేడర్ వెనక గంటకు యాభై మీద పోవడంలో నాకేమీ నామోషీ లేదు.

డిక్కీలో దుప్పటి, పార, టార్చి, ఆ పిల్లిమట్టి. ఎక్కడన్నా స్నోలో చిక్కుకుంటే బండిలోనే ఉండాలి, ఇంజిన్ వెయ్యబోయే ముందు వెనక పొగగొట్టం పూడిపోలేదని దిగి చూడాలి. పూడితే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది, దానికి వాసన ఉండదు. 2022 డిసెంబరులో బఫెలోలో వచ్చిన తుపానులో కార్లలో చిక్కుకుని చనిపోయినవాళ్ళున్నారు.

కాళ్ళకీ చేతులకీ నేర్పడం ఒక చలికాలంలో అయిపోతుంది. బయల్దేరకుండా ఉండటం మనవాళ్ళకి అంత త్వరగా రాదు. సంక్రాంతి జనవరి నడిమధ్య వస్తుంది, ఇక్కడ చలి ముదిరే వారాలు అవే. పేరంటానికి పిలిచాక వెళ్ళకపోతే ఏమనుకుంటారో అని వెళ్ళేవాళ్ళ బాధ, వంద మందికి పులిహోర కలిపాక వద్దని ఎలా చెబుతామని పిలిచినవాళ్ళ బాధ. మధ్యాహ్నం మూడింటికి తుపాను హెచ్చరిక వస్తుంది, వాట్సాప్ గ్రూపులో ఎవరూ నోరు విప్పరు. ఎవరో ఒకాయన “మాది ఆల్ వీల్ డ్రైవ్, మేం వచ్చేస్తున్నాం” అని పెడతాడు. ఇక మిగతావాళ్ళు చిన్న కార్లలో, పట్టుచీరల మీద కోట్లు తొడుక్కుని, పిల్లల్ని వెనక సీట్లో కట్టేసుకుని బయల్దేరతారు. రావద్దని మొదట చెప్పాల్సింది పిలిచినవాళ్ళే. ఈసారి పేరంటం మా ఇంట్లో. రోడ్లు బాగాలేకపోతే శనివారం బదులు ఆదివారం అని పిలుపులోనే రాసేశాను. బొమ్మలకొలువు ఎలాగూ రెండు రోజులు తియ్యం. పులిహోర మాత్రం వాతావరణం చూసుకుని కలపాలి.