నక్షత్రకుడు - ఋణపీడనమునకు తెలుగుపేరు

బాకీ వసూలునకై మాటిమాటికి ఇంటిముంగిటికి వచ్చు మనుష్యుని గూర్చి “నక్షత్రకునివలె వెంటబడినాడు” అని తెలుగువారు అందురు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలోను ఈ మాట వినబడును. అనువారిలో పెక్కుమంది హరిశ్చంద్రకావ్యములను చదివినవారు కారు. కావ్యమును చదువని జనుల నాలుకపై కావ్యపాత్ర పేరు జాతీయమై నిలుచుట ఏ కవికిని సులభముగా దక్కు భాగ్యము కాదు. అయినను హరిశ్చంద్రుని సత్యనిష్ఠను, చంద్రమతి సహనమును, విశ్వామిత్రుని పంతమును విస్తరించి చెప్పు మనము నక్షత్రకుని హాస్యపాత్రయని ఒక్క వాక్యమున విడిచిపుచ్చుచున్నాము. ఆ పాత్రయే హరిశ్చంద్రకథను ఋణకథగా నిలబెట్టుచున్నదనియు, జనులు ఆ పేరును జాతీయముగా గైకొనుట వారు చేసిన సాహిత్యవిమర్శయే యనియు ఈ వ్యాసమున చూపదలచితిమి.

ఈ యోచనకు కారణము గ్రంథము కాదు, తరగతిగది. హరిశ్చంద్రోపాఖ్యానమును గూర్చి చెప్పుచుండగా కుప్పము ప్రాంతమునుండి వచ్చిన పరిశోధక విద్యార్థిని యొకతె లేచి, “అన్ని దినాలు ఆయన వెంట నక్షత్రకుడు తిరుగుతుంటే, దారిలో ఒక్కరన్నా ఇంక చాలు అని ఎందుకు అనలేదు సార్?” అని అడిగినది. తల్లి గ్రూపులో తీసికొన్న అప్పునకు కంతు కట్టవలసిన దినమున తమ యింట ఎవరికిని అన్నము సహించదని ఆమె తరువాత చెప్పినది. సత్యమహిమను గూర్చి మేము సిద్ధపరచుకొని వచ్చిన మాటలేవియు ఆ ప్రశ్నకు సమాధానములు కాలేదు.

మొదట మూలమును పరిశీలింతము. మార్కండేయపురాణమున నక్షత్రకుడు లేడు. రాజసూయ దక్షిణకై విశ్వామిత్రుడు స్వయముగానే రాజును నిలదీయును; నెల గడువిచ్చును; గడువు తీరగనే కాశిలో ఎదుట నిలుచును. రాజ్యమును విడిచి వెడలునపుడు నడువలేక నడుచుచున్న రాణిని ముని దండముతో కొట్టుట ఆ పురాణములోని అతిదారుణ ఘట్టము. అది చూచి సహింపలేక విశ్వేదేవులు ఐదుగురు మునిని నిందించిరి. అందులకు వారికి దక్కినది శాపము. వారే ద్రౌపది కడుపున ఉపపాండవులై పుట్టి, పెండ్లియైన లేకయే అశ్వత్థామ చేత మడిసిరి. కనుక మూలకథలో “ఇంక చాలు” అన్నవారు లేకపోలేదు. అన్నవారికి శిక్ష పడినది. ఋణదాత ఎదుట నోరు విప్పిన ఇరుగుపొరుగు వారి గతి ఎట్లుండునో పురాణకర్త ఎరిగియే ఈ ఉపకథను చేర్చెనని మా అభిప్రాయము. చిత్తూరు సీమ పల్లెలలో ద్రౌపదీధర్మరాజుల గుడులయందు భారతోత్సవములు నేటికిని జరుగుచున్నవి. ఆ రంగమున ఉపపాండవుల మరణమునకు కన్నీరు పెట్టు ప్రేక్షకులలో ఎందరికి అది ఒక అప్పుకథ యొక్క శేషమని తెలియును?

పిమ్మట కన్నడమున రాఘవాంకుని హరిశ్చంద్రకావ్యమునందును, తెలుగున పదునైదవ శతాబ్దివాడైన గౌరన ద్విపదయందును వసూలుకై వెంట నడచు మనుష్యుడు ప్రత్యేకపాత్రగా అవతరించినాడు. రెండు భాషల సరిహద్దున నున్న కుప్పమునకు ఈ సంబంధము పరాయిది కాదు. ఈ కల్పనతో ఋణదాత వేరు, వసూలుదారు వేరు అయినారు. ఇది కథనసౌలభ్యమునకు చేసిన మార్పు మాత్రమే కాదు. ఋణవ్యవహారపు స్వభావమునే కవులు పట్టుకొనిరి. ఇచ్చినవాడు కంటికి కనబడడు. వచ్చినవానికి మన్నించు అధికారము లేదు. “నా చేతిలో ఏమున్నది? పంపినారు, వచ్చితిని” అనుట వానికి ఎల్లప్పుడును సాధ్యమే. దయ చూపవలసిన చోట మనుష్యుడే లేకుండుట ఈ ఏర్పాటులోని క్రౌర్యము.

నక్షత్రకుని లక్షణములు మూడు. మొదటిది వెంటబడుట. ఆతడు ఖడ్గమెత్తడు, కట్టివేయడు. నడుచుచున్నవానివెంట నడుచును, ఆకలియనును, అలసటయనును, నలుగురిలో ఎత్తిపొడుచును. రెండవది కాలమును దోచుట. హరిశ్చంద్రునకు గడువు ఉన్నది గాని, ఆ గడువులో ఒక్క గడియయైనను తనది కాదు. మూడవది మన రంగస్థల సంప్రదాయమున మిక్కిలి స్పష్టమైనది: తాను తిరిగిన తిరుగుడునకు బత్తెమును వేరుగా లెక్కగట్టుట. ఆలిని అమ్మి తెచ్చిన సొమ్ముతోను బాధ ముగియక రాజు తన్ను తాను అమ్ముకొనవలసి వచ్చుట ఈ బత్తెపు ఫలమే. అసలునకు వడ్డీ, వడ్డీపై జరిమానా, జరిమానాపై వసూలు ఖర్చు అను నేటి లెక్కకు ఇంతకంటె సూటియైన కావ్యోదాహరణము మాకు దొరకలేదు.

ధర్మశాస్త్రకారులు ఈ పీడనమును ఎరుగనివారు కారు. వ్యవహారపదములు పదునెనిమిదింటిలో మొదటిది ఋణాదానమే. అప్పు రాబట్టుటకు మనువు చెప్పిన ఐదు ఉపాయములలో ‘ఆచరితము’ ఒకటి; బాకీదారుని వాకిట కూర్చుండుట మొదలగునవి దాని క్రిందికి వచ్చునని వ్యాఖ్యాతలు చెప్పిరి. నక్షత్రకుడు ఈ ఆచరితమునకు మూర్తీభావము. అయితే ఆ స్మృతియే ఒక్కమారుగా తీసికొను వడ్డీ అసలును మించరాదని హద్దును గూడ పెట్టినది. మన భాషలో ధర్మశాస్త్రమును తొలుత తెనిగించిన కేతన విజ్ఞానేశ్వరీయమునందు వ్యవహారకాండము ఉండుటను బట్టి, ఈ హద్దుల విచారము తెలుగున పదుమూడవ శతాబ్దినుండియే కలదని చెప్పవచ్చును. పురాణము సహనమును పొగడినది. శాస్త్రము హద్దును వెదకినది. మనము పిల్లలకు మొదటిదానినే బోధించుచున్నాము.

తెలుగున ఋణసాహిత్యమునకు మరియొక పాయ కలదు, అది నవ్వుపాయ. సుమతీశతకకారుడు అప్పుచేసి అనుభవించు వైభవము కీడునకే యని హెచ్చరించును. ఆతడే అప్పిచ్చువాడు లేని యూర నివసింపవలదనును. ఇది పరస్పర వైరుద్ధ్యము కాదు, గృహస్థుని యథార్థస్థితి. ఈ రెండు పద్యముల నడుమ నున్న ఇరుకుసందులోనే సంసారములు నడచుచున్నవి. 1892లో తొలిసారి ప్రదర్శింపబడి 1909లో నూతనరూపమున వెలువడిన కన్యాశుల్కమున గిరీశము ఫోటోగ్రాఫు పంతులుగారి నౌకరును మాటలతో ఏమార్చి ఊరు విడుచును. ముళ్లపూడి వెంకటరమణ ఋణానందలహరిలోని అప్పారావు అప్పడుగుటను కళగా పండించును. ఇచ్చట బాకీదారుడు బలవంతుడు, వసూలుదారు వెఱ్ఱివాడు. అందువలననే నవ్వు పుట్టుచున్నది. కాని ఈ నవ్వునకు ఒక నియమము కలదు: నాయకునకు ఇల్లు ఉండరాదు. గిరీశము ఊరు మార్చగలడు. పిల్ల బడిలోను, పశువు కొట్టములోను, పేరు గ్రూపు పుస్తకములోను ఉన్న ఇల్లాలు ఎచ్చటికి పోవును?

సత్యవీరుడో, మాయగాడో తప్ప, నెలనెలకు కట్టుచు నడుమ నడుమ తప్పుచు మరల కట్టుచుండు సామాన్యగృహస్థునకు మన సాహిత్యమున చిరకాలము తగిన చోటు లేకపోయినది. రాయలసీమ కథ ఈ కొరతను కొంత తీర్చినది. 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమందిన మధురాంతకం రాజారాం కథలలో చిత్తూరు సీమ చిన్నకాపులు, చిరుద్యోగులు తమ కొలతలోనే కనబడుదురు. సింగమనేని నారాయణ ‘జూదం’ వానపై ఆధారపడిన సేద్యమును పేరులోనే పట్టి చూపినది.

ఈ మూడు ఊళ్ల జీవితమును గమనించినచో ఆ పేరు ఎంత తగినదో తెలియును. మదనపల్లె టొమాటో మార్కెట్టు పేరుగన్నది. ఒక వారమున ధర ఆకాశమంటును, మరియొక వారమున కోతకూలి గిట్టక కాయను తోటలోనే విడుతురు. పంటకు ముందే మండీలో బయానా తీసికొన్నవానికి ధర పడిన దినము రెండు విధముల నష్టము. పుంగనూరు పల్లెలలో పాలసొమ్ము వచ్చుదాక చేతిలో పైస యాడదు. కుప్పమునుండి తెల్లవారుజాముననే రైలెక్కి బెంగళూరుకు పనికి పోవువారు ఎందరో. భారతమున యక్షుని ప్రశ్నకు ధర్మరాజు చెప్పిన యుత్తరము ప్రసిద్ధము: అప్పు లేక, పరదేశము పోక, తన యింట ఆకుకూర వండుకొని తినువాడే సుఖి. కుప్పమున పెక్కిండ్లకు ఆ రెండు నియమములలో ఒకటియు చెల్లదు. ఒకదానికై రెండవదానిని విడువవలసి వచ్చుచున్నది.

మరియొక భేదము కలదు. కావ్యమున అప్పు హరిశ్చంద్రునిది, అమ్ముడుపోయినది చంద్రమతి. నేటి గ్రూపు అప్పులలో పత్రముపై పేరు చంద్రమతిదే. 2000లో ప్రారంభమైన వెలుగు పథకపు తొలి ఆరు జిల్లాలలో చిత్తూరు ఒకటి. పొదుపు సంఘములవలన స్త్రీలకు బ్యాంకు గడప తెలిసినది, అది మేలు. తరువాత సూక్ష్మఋణ సంస్థలు రాష్ట్రమంతట వారపు కంతులతో వ్యాపించినవి. ఒకరు కట్టనిచో తక్కినవారు కట్టవలెనను ఏర్పాటుచే పొరుగింటివారే నక్షత్రకులైరి. ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేయుట అలవాటైనది. వసూలు వేధింపులకు తాళలేక ప్రాణములు తీసికొన్నారను వార్తల నడుమ 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అత్యవసరాదేశమును, పిమ్మట శాసనమును చేసినది. వడ్డీ అసలును మించరాదనియు, కంతులు వారమునకు గాక నెలకు ఉండవలెననియు అది నిర్దేశించినది. మాకు ముఖ్యమైనది అది బలవంతమును నిర్వచించిన తీరు: బాకీదారుని గాని ఇంటివారిని గాని చోటినుండి చోటికి విడువక వెంబడించుట, నివాసమునకు పదేపదే వచ్చుట, అవమానించుట. శాసనకర్తలు గౌరనను చదివిరో లేదో తెలియదు గాని, వారు వ్రాసినది నక్షత్రకుని లక్షణమే. ఏడెనిమిది వందల యేండ్లకు పూర్వము కవులు కనిపెట్టిన నేరమునకు 2010లో సెక్షను ఏర్పడినది.

2022లో రిజర్వు బ్యాంకు సూక్ష్మఋణ నిబంధనలు నెలసరి కంతులన్నియు కలిసి కుటుంబపు నెలసరి ఆదాయమున సగమును మించరాదనినవి. ఉదయము 9 గంటలకు ముందును, సాయంకాలము 6 గంటల తరువాతను బాకీదారునకు ఫోను చేయుటను నిషేధించినవి. బంధుమిత్రులను వేధించుటను గూడ నిషేధించినవి. నక్షత్రకునకు గడియారము కట్టిరన్నమాట. ఇంతలో ఆతడు రూపము మార్చి సెల్‌ఫోనులో ప్రవేశించినాడు. 2020 ప్రాంతమున ప్రబలిన అప్పు యాప్‌లు ఫోనులోని బంధువుల నంబర్లనన్నిటిని గ్రహించి అందరికిని అవమానకర సందేశములు పంపినవి. అడవిదారిలో నక్షత్రకునకు ప్రేక్షకులు లేరు; ఈతనికి బంధువర్గమంతయు ప్రేక్షకులే. 2022 సెప్టెంబరులో డిజిటల్ ఋణములపై వచ్చిన నిబంధనలు ఆ నంబర్లను తాకరాదనినవి.

ఇక హరిశ్చంద్రుని ఎట్లు బోధింపవలెను? ఆతని నడవడిలో మూడు వివేకములు కలవు. బాకీని కాదనలేదు, దాగలేదు. గడువును స్పష్టముగా అడిగి తీసికొన్నాడు. మూడవది ఎవరును గమనింపనిది: ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేయలేదు. అప్పారావునకును ఆతనికిని గల అసలు భేదము ఇదియే; అప్పుల నడుమ కాలూనదలచిన ఏ కుటుంబమునకైనను మొదటి పాఠము ఇదియే. కాని ఆలుబిడ్డలను అమ్ముట ఆదర్శము కాదు. హద్దు లేని వసూలు మనుష్యుని ఎందాక తోయునో చూపు హెచ్చరిక. ఆ ఘట్టమును సత్యమునకు పట్టాభిషేకముగా మాత్రమే చెప్పినచో, కంతు కట్టలేని తల్లి బిడ్డ మన తరగతిలో తలవంచుకొని కూర్చుండును. బాకీ ఉండుట పాపము కాదనియు, వేధించుట నేరమనియు ఆ బిడ్డకు తెలియవలెను.

ఆ విద్యార్థిని ప్రశ్నకు మేము ఆలస్యముగా ఇచ్చుచున్న యుత్తరము ఇది. “ఇంక చాలు” అని దారిలో అన్నవారు విశ్వేదేవులు. వారికి శాపము దక్కినది. తరువాత అన్నవారు జనులు. విశ్వామిత్రుని శపింపలేక, ఆతని మనిషి పేరును తిట్టుగా మార్చి, తరతరములకు అందించినారు. సత్యమునకు హరిశ్చంద్రుని పేరు పెట్టిన జాతియే పీడనకు నక్షత్రకుని పేరు పెట్టినది. మనము మొదటి తీర్పునే పాఠ్యగ్రంథములకు ఎక్కించితిమి. రెండవ తీర్పును సయితము ఎక్కించుట మన పని.