మంచం పక్కన ఎవరు?

జేన్ ఆస్టెన్ ‘పర్సుయేషన్’లో లూయిసా మస్‌గ్రోవ్ పడింది నవంబరులో, లైమ్ ఊరి సముద్రపు గట్టు మీద. ఈడిత్ వార్టన్ ‘ఈథన్ ఫ్రోమ్’లో మాటీ సిల్వర్ పడింది ఫిబ్రవరిలో, మసాచుసెట్స్‌లోని మంచు వాలులో. మొదటి నవల 1817 చివర్లో, రచయిత్రి పోయిన కొద్ది నెలలకి వచ్చింది. రెండోది 1911లో. రెండిట్లోనూ పడ్డది పడుచుపిల్లే, పక్కన మనసుపడ్డ మగవాడున్నాడు, దెబ్బ తగిలాక చేరింది ఆస్పత్రికి కాదు, ఒక ఇంటికి. అయితే లూయిసాది సరదా. మెట్ల మీంచి కెప్టెన్ వెంట్‌వర్త్ చేతుల్లోకి ఒకసారి దూకి, చాలక మళ్ళీ ఎక్కి, అతను వద్దంటున్నా అరక్షణం ముందే దూకేసింది. మాటీ, ఈథన్ ఎడబాటు భరించలేక, చావాలనే స్లెడ్డును ఎల్మ్ చెట్టుకేసి తోలారు. ఇద్దరూ బతికారు.

పడటాన్ని ఇద్దరు రచయిత్రులూ కళ్ళకు కట్టినట్టు రాశారు. కోలుకోవడం దగ్గరకొచ్చేసరికి ఇద్దరూ గది తలుపు వేసేశారు. లూయిసా ఎలా ఉందో మనకు తెలిసేది రాకపోకలు సాగించేవాళ్ళ కబుర్ల వల్ల, ఆమె వదిన మేరీ రాసే ఉత్తరాల వల్ల. మాటీని వార్టన్ ఇరవై నాలుగేళ్ళ తర్వాతగానీ మళ్ళీ చూపించదు. మధ్యలో జరిగిందంతా ఆ ఊరావిడ మిసెస్ హేల్ తెగించి చెప్పిన నాలుగు ముక్కలే. మంచాన పడ్డ మనిషి లోపల ఏమనుకుందో రెండు పుస్తకాలూ చెప్పవు. కాబట్టి వీటిని పోల్చాల్సింది రోగి బాధ దగ్గర కాదు, ఆ ఇంటి చాకిరీ దగ్గర.

ఈ చాకిరీ లెక్క ఆస్టెన్‌కి బాగా తెలుసు. లూయిసాని చేర్చింది కెప్టెన్ హార్విల్ అద్దె ఇంట్లో. ఆయన యుద్ధంలో గాయపడి కుంటుతున్న నావికుడు, పెద్దగా డబ్బున్నవాడు కాదు, చిన్న ఇల్లు, నిండా పిల్లలు. రోగుల్ని చూసుకోవడంలో చెయ్యితిరిగిన మనిషి ఆయన భార్య. మేరీ అక్క, నవల నాయిక ఆన్ ఉండిపోవాలని అందరూ అనుకుంటే, ఆడపడుచు దగ్గర వదిన ఉండాలి గానీ పరాయిదెందుకని మేరీ పేచీ పెట్టి తనే ఉండిపోతుంది. తీరా ఉన్నాక ఆమెకు చెయ్యడానికి పనేమీ మిగల్లేదు, అంతా మిసెస్ హార్విలే చూసుకుంది. మస్‌గ్రోవ్‌ల ఇంటి నుంచి పాత ఆయా సారా వస్తుంది. పెంచిన పిల్లల్లో ఆఖరివాడు కూడా బడికి వెళ్ళిపోతే, ఖాళీ గదిలో మేజోళ్ళు కుట్టుకుంటూ, ఎవరికి దెబ్బ తగులుతుందా కట్టు కడదామా అని చూసే మనిషి. ఇంటి నుంచి కావలసిన సరుకులు వస్తాయి. కొన్నాళ్ళకి హార్విల్ పిల్లల్ని మస్‌గ్రోవ్‌లు తమ ఇంటికి తీసుకుపోతారు. మన ఇళ్ళలో ముసలావిడ బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకుంటే మొదట నడిచే చర్చ కూడా ఇదే: ఎవరుంటారు, వంట ఎవరిది, పిల్లల్ని ఎక్కడికి పంపాలి. ఆస్టెన్ దీన్ని రెండు మూడు పేజీల్లో, మధ్యమధ్య నవ్వుతూ తేల్చేస్తుంది. పైకి పుకార్లలా కనిపించే ఈ వాక్యాల్లో ఒక్క మనిషి శ్రమ కూడా తప్పిపోలేదు.

వార్టన్ నవలలో పంచుకోవడానికి మనుషులే లేరు. మాటీని ముందు స్టార్క్‌ఫీల్డ్ ఊళ్ళో ఒకరింట ఉంచుతారు. కదిలించవచ్చని తేలగానే ఈథన్ భార్య జీనా ఆమెను పొలం దగ్గరి తమ ఇంటికి రప్పిస్తుంది. అంతకుముందు తమ ఇంట్లోనే ఉంటున్న మాటీని పంపేయాలని పట్టుబట్టిన మనిషి జీనాయే, ఎప్పుడూ మందు సీసాలతో బతికే రోగిష్టి. అలాంటిది ఇప్పుడు లేచి ఇరవై ఏళ్ళకు పైగా మాటీకీ ఈథన్‌కీ సేవ చేస్తుంది. మాటీకి వెన్నుపూస దెబ్బతింది, కుర్చీలోంచి కదల్లేదు. ఆ ఇంట్లో చలి గురించి వార్టన్ రాసింది మరచిపోలేం. కథ చెప్పే అతిథి లోపలికి వచ్చేసరికి వంటగది చల్లగా ఉంది. జీనా కునుకు తీసిందనీ, ఆమెను లేపేలోపు తను గడ్డకట్టుకుపోతాననుకున్నాననీ మాటీ సణుగుతుంది. కట్టె తీసి పొయ్యిలో వేసుకోలేని మనిషికి చలికాలం అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది. ఎండాకాలం మాటీని ముందుగదిలోకో వాకిట్లోకో చేరుస్తారు, కాస్త ఊపిరాడుతుంది. చలికాలం రెండో గదిలో నిప్పు వెయ్యడానికి పైసా లేదు, ముగ్గురూ ఒకే గదిలో. ఆస్టెన్ నవలలోనైతే క్రిస్మస్‌కి మస్‌గ్రోవ్‌ల ఇంట్లో పొయ్యి భగభగ మండుతూ, పిల్లల అల్లరిని మించి చప్పుడు చేస్తుంటుంది. లూయిసా బాగుపడటానికి వైద్యం ఎంత కారణమో ఆ కట్టెలు సమకూర్చగల కలిమీ అంతే కారణం. తలకి గట్టి దెబ్బే గానీ ఇంతకన్నా పెద్దవాటినుంచి కోలుకున్నవాళ్ళని చూశానన్న సర్జన్, స్టార్క్‌ఫీల్డ్ పొలంలో ఏం చెప్పేవాడు?

లూయిసా బాగుపడింది, కాని పాత లూయిసా కాదు. నవ్వు, పరుగు, నాట్యం పోయాయి. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే ఉలిక్కిపడి నీటికోడిపిల్లలా మెలికలు తిరిగిపోతుందని అన్న చార్లెస్ ఎగతాళి చేస్తాడు. తలకు దెబ్బ తగిలినవాళ్ళలో కొందరికి చప్పుడు పడదని ఇవాళ డాక్టర్లు చెప్పే సంగతే ఇది. కూతురికి కెప్టెన్ బెన్విక్‌తో పెళ్ళి కుదిరిన ఆనందంలో ఎవరూ దీన్ని నష్టంగా లెక్కించరు. పక్కన కూర్చుని కవిత్వం చదివే బెన్విక్‌కి ఈ నెమ్మది పిల్లే నచ్చింది. పట్టుదలను పొగడుతూ గింజ గట్టితనాన్ని లూయిసాకి ఉదాహరణగా చూపించిన వెంట్‌వర్త్ ఈ మార్పుకు ఏడవడు, ఒకప్పుడు తను ప్రేమించిన ఆన్ దగ్గరికి తిరిగి వెళ్ళే దారి దొరికిందని ఊపిరి పీల్చుకుంటాడు. మృదువుగా కనిపించే ఆస్టెన్ ఇక్కడ వార్టన్‌కన్నా కఠినంగా ఉందనిపిస్తుంది నాకు.

వార్టన్‌తో నాకున్న పేచీ వేరు. 1904 మార్చిలో ఆమె ఉంటున్న లెనాక్స్‌లో నిజంగానే స్లెడ్డు ప్రమాదం జరిగింది. గాయపడి బతికిన ఒకామె తర్వాత ఊరి గ్రంథాలయంలో పనిచేసింది, వార్టన్‌కి ఆమె పరిచయం. నవలలో మాత్రం బతికినామెను కుర్చీకి కట్టేసి, నోట సణుగుడు పెట్టి, ప్రేమకు శిక్షలా చూపించింది. జీనా విషయంలోనూ అంతే. ఈథన్ తల్లికి సేవ చెయ్యడానికి వచ్చిన పిల్ల జీనా. ముసలావిడ పోయాక ఆ చలికాలపు ఒంటరితనానికి భయపడి అతను పెళ్ళాడాడు. సేవ చేతనైన మనిషి పెళ్ళైన ఏడాదికే మంచం పట్టి, మళ్ళీ రోగి దొరకగానే లేచిందంటే అందులో ఒక పెద్ద కథ ఉంది. దాన్ని వార్టన్ మిసెస్ హేల్ నోట ఒక వింతగా అనిపించి వదిలేసింది. సారాకి ఆస్టెన్ ఇచ్చిన ఒక్క వాక్యం పాటి వివరణ కూడా జీనా లేవడం గురించి వార్టన్ పుస్తకంలో లేదు.