మంచు కరిగితే నేల కదులుతుందా?

2024 డిసెంబర్ 4 పొద్దున్నే ములుగు దగ్గర నేల కంపించింది. తీవ్రత 5.3. హైదరాబాదులో కూడా చాలామందికి తెలిసింది. మధ్యాహ్నానికల్లా నా ఫోన్‌కి ఒక సందేశం వచ్చింది. మూడు నెలల కిందట అదే జిల్లా తాడ్వాయి అడవిలో గాలివానకి వేల చెట్లు కూలాయి కదా, ఇదీ అదీ ఒకటే, అంతా గ్లోబల్ వార్మింగే అని. పంపింది బాగా చదువుకున్నవాళ్ళే. కాదని చెప్పబోయాను గానీ, ఎందుకు కాదో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఎప్పుడో కొని పక్కన పడేసిన పుస్తకం తీశాను: బిల్ మెక్‌గ్వైర్ రాసిన 'వేకింగ్ ది జయంట్'. 2012లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది. రచయిత అగ్నిపర్వతాల శాస్త్రవేత్త, లండన్ యూనివర్సిటీ కాలేజీలో ప్రొఫెసర్‌గా పనిచేశారు. మారే వాతావరణం భూకంపాల్నీ, సునామీల్నీ, అగ్నిపర్వతాల్నీ రెచ్చగొడుతుందన్నది ఆయన వాదం.

వాదానికి మూలం బరువు. నులక మంచం మీంచి బరువైన మనిషి లేస్తే, కుంగిన నులక మళ్ళీ పైకొస్తుంది. సుమారు 20,000 ఏళ్ళ కిందట ఉత్తర యూరప్ మీద కిలోమీటర్ల మందాన మంచు ఉండేది. అది కరిగిపోయాక కింద నేల లేవడం మొదలెట్టింది. బోత్నియా సింధుశాఖ ఒడ్డున ఇప్పటికీ ఏడాదికి దాదాపు సెంటీమీటరు చొప్పున లేస్తోంది. ఆ లేవడంలోనే, సుమారు 10,000 ఏళ్ళ కిందట, ఉత్తర స్వీడన్‌లో పార్వియె అనే 150 కిలోమీటర్ల పగులు కదిలి, 8కి దగ్గరి తీవ్రతతో భూకంపం వచ్చిందంటారు. ఇవాళ స్వీడన్‌లో భూకంపమంటే ఎవరూ నమ్మరు! ఐస్‌లాండ్‌లో మంచు బరువు తగ్గాక లోపలి రాయి మరింతగా కరిగి, అగ్నిపర్వతాలు మునుపటికన్నా ఎన్నో రెట్లు పేలాయి. సుమారు 8,200 ఏళ్ళ కిందట నార్వే దగ్గర సముద్రపు అడుగు జారిపోతే, షెట్లాండ్ దీవుల మీద అల 20 మీటర్లకు పైగా ఎగిసింది. ఈ అధ్యాయాలు మాత్రం కళ్ళకు కట్టినట్టున్నాయి. పుస్తకం కొన్న డబ్బు ఇక్కడే గిట్టుబాటైంది.

నా పేచీ అంతా గతంలోంచి రేపటికి దూకే చోట. అప్పుడు కరిగింది ఖండాల్ని కప్పిన మంచు, అదీ వేల ఏళ్ళ పాటు. ఇప్పుడు అలాస్కా, గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్‌లలో కరుగుతున్న మంచు కింద నేల స్పందిస్తుందంటే ఒప్పుకుంటాను. కానీ 'రాక్షసుడు నిద్ర లేస్తున్నాడు' అన్న అర్థం వచ్చే పేరు అట్ట మీద పెట్టాక, చదివేవాడు తన ఇంటి కింద నేల గురించి కూడా భయపడతాడు. లోపల రచయిత వేసుకున్న హద్దులు అట్ట మీద కనపడవు.

నేపాల్ సంగతే చూడండి. వానాకాలంలో గంగా మైదానం మీద నీటి బరువు పెరుగుతుంది. ఆ రోజుల్లో హిమాలయాల్లో చిన్న ప్రకంపనలు తగ్గి, శీతాకాలంలో పెరుగుతాయని శాస్త్రవేత్తలు గమనించారు. అంటే వాతావరణానికి నేల మీద చెయ్యి ఉంది. కానీ ఎంత? ఆ బరువు తెచ్చే ఒత్తిడి, పెద్ద భూకంపంలో విడుదలయ్యే ఒత్తిడిలో వెయ్యో వంతు. పగిలే దశకొచ్చిన పగులుకి అది చివరి తోపు కావచ్చు, అంతే. 2015 ఏప్రిల్‌లో వచ్చిన 7.8 భూకంపం వెనక ఉన్నది, ఏడాదికి రెండు సెంటీమీటర్లు హిమాలయాల కిందికి తోసుకుపోతున్న మన ఫలకం. చనిపోయిన దాదాపు 9,000 మందిలో ఎక్కువమందిని చంపినవి గోడలు, కప్పులు.

పుస్తకం వచ్చాక జరిగిన ఒక ఘటన నాకు దీనికన్నా గట్టి పాఠం అనిపిస్తుంది. 2023 సెప్టెంబర్‌లో తూర్పు గ్రీన్‌లాండ్‌లో, కొండ అడుగుని పట్టి ఉంచిన హిమానీనదం పలచబడి, కొండ కూలి ఇరుకైన సముద్రపు పాయలో పడింది. దాదాపు 200 మీటర్ల అల లేచింది. ఆ నీళ్ళు తొట్టెలో నీళ్ళలా అటూ ఇటూ ఊగుతుంటే, ప్రపంచమంతటా భూకంప పరికరాలు తొమ్మిది రోజులు ఆ ఊపుని పట్టుకున్నాయి. భూమి కంపించింది, కానీ అది భూకంపం కాదు. వేడెక్కిన గాలికీ కదిలిన నేలకీ మధ్య దారి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తోంది. మనం జాగ్రత్త పడాల్సింది ముందు ఇలాంటి వాటి గురించి: కొండచరియలు, తెగే హిమ సరస్సులు, వరదలు.

అన్నిటినీ ఒకే గాటన కడితే వచ్చే నష్టం ఇదే. ఒకప్పుడు 'ఖర్మ' అనేవాళ్ళం, ఇప్పుడు 'క్లైమేట్' అంటున్నాం. రెండిట్లోనూ ఇల్లు కట్టినవాడు, అనుమతి ఇచ్చినవాడు తప్పించుకుంటారు. అసలు భూతాపం వల్ల వచ్చే వరదల గురించి చెప్పినప్పుడు కూడా, 'భూకంపాన్ని కూడా దీనికే కట్టారుగా' అని కొట్టిపారేసే వీలు దొరుకుతుంది.

ములుగు ఉన్నది గోదావరి లోయలో. పాత పగుళ్ళున్న నేల అది. 1969లో భద్రాచలం దగ్గర ఇంతకన్నా పెద్దదే, 5.7 తీవ్రతతో వచ్చింది. అప్పుడు ఏ అడవి కూలిందని?

పుస్తకం చదవమనే చెప్తాను. అట్ట మీద పేరుని మాత్రం కాసేపు పక్కన పెట్టి చదవండి.