సుబ్బారావు కథలో విడిచిన పుట

ఎస్.పి.కె. గుప్త, మిల్‌ఫర్డ్‌లు 1987లో ప్రకటించిన యల్లాప్రగడ సుబ్బారావు జీవితచరిత్ర పేరులోనే జయములతోపాటు అపజయములను గూడ పేర్కొనిరి. మనము చెప్పుకొను కథలు తరచుగా జయములతోనే ముగియుచున్నవి. ఇది లోపము.

భీమవరమున 1895లో జన్మించిన సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ పరిశోధకులు ఫోలిక్ ఆమ్లమును, పిదప దానికి విరోధులైన అమినాప్టెరిన్, మెతోట్రెక్సేట్‌లను తయారుచేసిరి. అమినాప్టెరిన్ సోరియాసిస్‌ను తగ్గించునని 1951లో వెల్లడియైనది. నేడు ఆ చర్మవ్యాధికి మెతోట్రెక్సేట్ వాడుచున్నారు. ఇది దేహరక్షణ కణముల అతిచర్యను అణచును. కాని నోటిపొర కణములును వేగముగా పుట్టునవే. ఫోలిక్ ఆమ్లము పని సాగనిచో నోరు పూయును. అందుకే వైద్యులు ఫోలిక్ ఆమ్లపు బిళ్లలను గూడ ఇత్తురు. గాయమును, దాని కాపును ఒకే ప్రయోగశాల నుండి వచ్చినవి!

కృష్ణా డెల్టా ఇళ్లలో నోరు పూసినచో “వేడి చేసినది” అని మజ్జిగ త్రాగి ఊరకుందురు. ఈ మందు వాడువారు అట్లు ఊరకుండరాదు. సోరియాసిస్‌కు దీనిని వారమున కొకసారియే మ్రింగవలెను. పొరపాటున దినదినము మ్రింగినచో ప్రాణాపాయము. నోటిపూత దానికి తొలి హెచ్చరిక కావచ్చును. వెంటనే వైద్యునికి చూపవలెను.

విజయవాడ తరగతిగదిలో సుబ్బారావును గూర్చి చెప్పు ఉపాధ్యాయుడు ఈ పుటను చేర్చినచో ఆయన కీర్తి తరుగదు. ఏదో ఒక ఇంటికి మేలు కలుగును.